ఎన్నుకునేవారు ఒకరు, తొలగించేవారు వేరొకరు: బ్రిటిష్ మితవాద పక్షంలో చీలికలు, నాయకుల జవాబుదారీతనం

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం నెలకొన్నదో ఆ ఆచార్యులు రాజనీతి శాస్త్రాన్ని తెలుగులో లోతుగా బోధించవచ్చునని నమ్మి, ఆ నమ్మకాన్ని జీవితాంతం ఆచరణలో పెట్టినవారు. వారి సేవలు సభికులందరికీ తెలిసినవే కనుక వాటిని ఏకరువు పెట్టనవసరం లేదు. విద్యార్థి వ్యాసంలో అంగీకరించలేని వాక్యం కనబడితే వారు దానిని కొట్టివేసేవారు కారు, అంచున పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకునేవారు. జవాబు వెతుక్కునే భారం రాసినవాడి మీదనే ఉండేది. బ్రిటిష్ పార్లమెంటరీ విధానానికి తన తప్పులను తానే దిద్దుకునే శక్తి ఉందన్నది వారి దృఢవిశ్వాసం. ఆ విశ్వాసం పక్కన అటువంటి ప్రశ్నార్థకాన్నే పెట్టడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఇక్కడ ప్రతిపాదిస్తున్న వాదం ఇది. బ్రిటన్‌లో మితవాద పక్షం అంటే ప్రధానంగా కన్సర్వేటివ్ పార్టీ, దానితోపాటు దాని ఓటర్ల మధ్యనే పెరిగి ఇప్పుడు దానితో పోటీ పడుతున్న రిఫార్మ్ యూకే. ఈ పక్షాన్ని పట్టి కుదిపిన అస్థిరతకు యూరప్ వివాదం కారణమని కొందరు, నాయకుల వ్యక్తిత్వ లోపాలు కారణమని కొందరు, పాత రాజకీయ మర్యాదలు అంతరించడం కారణమని మరికొందరు చెబుతూ వస్తున్నారు. ఈ మూడింటిలోనూ నిజం ఉంది గాని, మూడూ కలిసినా జరిగినదంతా బోధపడదు. 1998లో కన్సర్వేటివ్ పార్టీ తన నియమావళిని మార్చుకున్నప్పుడు నాయకుణ్ణి ఎన్నుకునే తుది అధికారాన్ని ఊరూరా ఉన్న చందాదారు సభ్యులకు ఇచ్చి, తొలగించే అధికారాన్ని మాత్రం ఎంపీల చేతిలోనే ఉంచింది. ఎన్నిక, తొలగింపు వేరువేరు చేతుల్లోకి వెళ్లిన ఆ రోజునే నాయకుడు ఎవరికి జవాబు చెప్పాలన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేకుండా పోయింది. ఆ తరువాతి సంక్షోభాలన్నీ ఈ లోపం గుండానే నడిచాయి.

చీలికలు కొత్తవి కావు

మితవాద పక్షంలో చీలికల చరిత్ర సుపరిచితమే కనుక దానిని త్వరగా దాటవచ్చు. దిగుమతి ధాన్యంపై సుంకాలు విధించి భూస్వాములను కాపాడిన ధాన్య చట్టాలను 1846లో రాబర్ట్ పీల్ రద్దు చేయించినప్పుడు సొంత పార్టీ ఎంపీలలో సుమారు మూడింట రెండు వంతులమంది ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. 1903లో జోసెఫ్ చాంబర్లేన్ లేవదీసిన సుంకాల సంస్కరణ పార్టీని రెండుగా చేసి 1906 ఎన్నికలలో ఘోర పరాజయానికి దారితీసింది. 1956లో సూయెజ్ సంక్షోభం, 1993లో మాస్ట్రిక్ట్ ఒప్పందం, 2016లో యూరోపియన్ యూనియన్ సభ్యత్వంపై ప్రజాభిప్రాయ సేకరణ, ఇవన్నీ అదే వరుసలోనివి. చీలిక ఉన్నంత మాత్రాన పార్టీ చెడిపోయిందని చెప్పడానికి ఈ చరిత్రలో ఆధారం లేదు.

ఈ చరిత్రలో మూడు ఘట్టాలు ప్రస్తుత వాదానికి అవసరం. 1922 అక్టోబర్ 19న కార్ల్‌టన్ క్లబ్‌లో సమావేశమైన కన్సర్వేటివ్ ఎంపీలు తమ నాయకుడు ఆస్టిన్ చాంబర్లేన్ మాటను తోసిపుచ్చి, లాయిడ్ జార్జ్ నడిపిన సంకీర్ణ ప్రభుత్వం నుంచి బయటికి రావాలని తీర్మానించగా, అదే రోజు లాయిడ్ జార్జ్ ప్రధాని పదవికి రాజీనామా చేశారు. 1940 మేలో నార్వే యుద్ధ వైఫల్యంపై కామన్స్ సభలో జరిగిన ఓటింగులో ప్రభుత్వం 281–200తో గెలిచినా, సొంత పక్షం నుంచే ఎదురుఓట్లు పడి ఆధిక్యం 81కి కుదించుకుపోయిన కారణంగా నెవిల్ చాంబర్లేన్ పదవి వదులుకోవలసి వచ్చింది. 1990 నవంబర్‌లో మార్గరెట్ థాచర్‌కు తొలి విడత ఓటింగులో 204 ఓట్లు, మైకేల్ హెసెల్టైన్‌కు 152 ఓట్లు రాగా, నియమం కోరిన ఆధిక్యానికి ఆమె నాలుగు ఓట్ల దూరంలో ఆగిపోయి, వరుసగా మూడు సార్వత్రిక ఎన్నికలు గెలిచినప్పటికీ పదవి విడిచారు. ఈ మూడు సందర్భాలలోనూ చీలికే జవాబుదారీతనానికి సాధనమైంది. నాయకుణ్ణి నిలబెట్టినవారే, ఆయన విధానం దేశానికో పార్టీకో హాని చేస్తోందని తోచినప్పుడు, ఆయనను దించారు.

వాల్టర్ బేజట్ 1867లో పుస్తకరూపంలో ప్రచురించిన ఇంగ్లిష్ రాజ్యాంగ వ్యాఖ్యలో కామన్స్ సభను మొదటగా ఒక ఎన్నికల మండలిగా వర్ణించాడు. శాసనాలు చేయడంకన్నా ముందు ఆ సభ చేసే పని ప్రభుత్వాధినేతను ఎంచుకోవడం, అవసరమైతే అదే సభ అతణ్ణి వదిలించుకోవడం అని అతని సిద్ధాంతసారం. ఎంపిక, తొలగింపు ఒకే సభలో ఉండాలన్న ఈ సూత్రాన్ని అధ్యక్ష విధానంతో పోల్చి పార్లమెంటరీ విధానపు ప్రత్యేకతగా అతడు నిలబెట్టాడు. పార్టీలు బలపడిన తరువాత ఆ సభ పని చాలావరకు మెజారిటీ పార్టీ ఎంపీల సమావేశానికి బదిలీ అయినా సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

1998 నియమం

ఇక అసలు వివాదాంశం. 1965కు పూర్వం కన్సర్వేటివ్ నాయకుడికి ఎన్నికంటూ లేదు. పెద్దలు లోలోపల సంప్రదించుకుని ఒకరిని తేల్చేవారు. 1963లో ఆ పద్ధతిన అలెక్ డగ్లస్-హ్యూమ్ ప్రధాని అయిన తీరు తీవ్ర విమర్శకు గురికావడంతో 1965లో ఎంపీల ఓటుతో ఎన్నిక మొదలై, ఎడ్వర్డ్ హీత్ ఎన్నికయ్యారు. పదవిలో ఉన్న నాయకుణ్ణి సవాలు చేసే వీలు 1975 నాటికి ఏర్పడగా, ఆ వీలుతోనే థాచర్ హీత్‌ను ఓడించారు. అంటే మూడు దశాబ్దాలకు పైగా ఎన్నుకునేవారూ తొలగించేవారూ ఒక్కరే. 1997 పరాజయంలో పార్టీ 165 స్థానాలకు పడిపోయిన తరువాత విలియం హేగ్ నాయకత్వాన రూపొందిన కొత్త నియమావళి ఈ స్థితిని మార్చింది. ఎంపీలు విడతలవారీ ఓటింగులో అభ్యర్థులను ఇద్దరికి కుదించాలి, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకోవాలి. తొలగింపు విషయంలో మాత్రం, మంత్రి పదవులు లేని వెనుక వరుస ఎంపీల సంఘమైన 1922 కమిటీ అధ్యక్షుడికి 15 శాతం ఎంపీలు లేఖలు ఇస్తే విశ్వాస ఓటు జరగాలి, అందులో ఎంపీలు మాత్రమే పాల్గొనాలి.

ఈ నియమం పని చేసిన తీరును అంకెలే చెబుతాయి. 2001లో ఎంపీల చివరి విడతలో కెన్నెత్ క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిల్లోకు 53 ఓట్లు వచ్చాయి. 166 మంది ఎంపీలలో మూడో వంతు మద్దతు కూడా పూర్తిగా లేని డంకన్ స్మిత్‌ను సభ్యులు సుమారు 61 శాతం ఓట్లతో నాయకుణ్ణి చేశారు. రెండేళ్లకు, 2003 అక్టోబర్‌లో, ఎంపీలు ఆయనను 90–75తో తొలగించారు. 2022లో రిషి సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113, పెన్నీ మోర్డాంట్‌కు 105 ఓట్లు రాగా, మూడింట ఒక వంతుకు మించి ఎంపీల మద్దతు లేని ట్రస్ సభ్యుల ఓటింగులో 81,326–60,399తో గెలిచి ప్రధాని అయ్యారు. 2024లో కెమీ బేడనాక్‌కు 42, రాబర్ట్ జెన్రిక్‌కు 41, జేమ్స్ క్లెవర్లీకి 37 ఓట్లు వచ్చాయి. 121 మందిలో 42 మంది మద్దతుతో ముందుకు వచ్చిన బేడనాక్ సభ్యుల ఓటుతో నాయకురాలయ్యారు. అవిశ్వాస లేఖల గడపను ఆ తరువాత మూడింట ఒక వంతుకు పెంచారు. మూడో వంతు మద్దతుతో వచ్చే నాయకత్వాన్ని కనీసం ప్రశ్నించడానికైనా మరొక మూడో వంతు ముందుకు రావలసిన స్థితి ఏర్పడింది.

అంతకన్నా ముఖ్యమైన ఆధారం మరొకటి ఉంది. పార్టీ నిజంగా ప్రమాదంలో పడ్డ ప్రతిసారీ తాను రాసుకున్న నియమాన్ని తానే తప్పించుకున్నది. 2003లో మైకేల్ హోవర్డ్ ఏకగ్రీవంగా వచ్చారు. 2016లో ఆండ్రియా లెడ్సమ్ పోటీ నుంచి విరమించుకోగా థెరిసా మే సభ్యుల ఓటు లేకుండానే ప్రధాని అయ్యారు. 2022 అక్టోబర్‌లో నామినేషన్‌కు 100 మంది ఎంపీల మద్దతు ఉండాలని అప్పటికప్పుడు షరతు విధించడంతో రిషి సునాక్ పోటీ లేకుండా నెగ్గారు. ఆపద వేళ పక్కన పెట్టక తప్పని నియమం మామూలు వేళకైనా తగినదని ఏ ప్రాతిపదికపై నమ్మాలి? ఈ లోపాన్ని పార్టీలోనే గుర్తించినవారున్నారు. 2005లో హోవర్డ్ తుది నిర్ణయాన్ని తిరిగి ఎంపీలకు అప్పగించే సవరణ తెచ్చారు గాని, దానికి అవసరమైన మూడింట రెండు వంతుల ఆమోదం లభించలేదు.

నాలుగు అభ్యంతరాలు

ఈ వాదానికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ నిష్క్రమణకు, అంటే బ్రెగ్జిట్‌కు సంబంధించినది. బ్రెగ్జిట్ అనంతర కన్సర్వేటివ్ పార్టీపై టిమ్ బేల్ 2023లో ప్రచురించిన గ్రంథం ఆ పార్టీ జనాకర్షక మితవాదం వైపు జరిగిన క్రమాన్ని ప్రధాన కథగా చెబుతుంది. అదే ఏడాది మెగ్ రసెల్, లీసా జేమ్స్ వెలువరించిన గ్రంథం 2016 తరువాతి పార్లమెంటరీ ప్రతిష్టంభనకు సభకన్నా పాలక పక్షపు అంతర్గత కలహమే మూలమని నిరూపిస్తుంది. ఈ రెండు గ్రంథాల విలువను తగ్గించే ఉద్దేశం ఇక్కడ లేదు. 2019 జనవరి 15న థెరిసా మే నిష్క్రమణ ఒప్పందం 432–202తో ఓడినప్పుడు ఎదురుఓటు వేసినవారిలో 118 మంది ఆమె సొంత పార్టీవారేనన్న వాస్తవాన్ని ఎవరూ కాదనలేరు. అయితే డంకన్ స్మిత్ ఉదంతం బ్రెగ్జిట్‌కు పదమూడేళ్ల ముందు ముగిసింది. 2022 పోటీలో 2016 నాడు యూనియన్‌లో కొనసాగాలని ప్రచారం చేసినది ట్రస్, వైదొలగాలని ఓటు వేసినది సునాక్. సభ్యులు ట్రస్‌నే ఎంచుకున్నారు. యూరప్ ప్రశ్న మీదనే అంతా నడిచి ఉంటే ఈ ఫలితం అర్థం కాదు. చీలికకు విషయాన్ని బ్రెగ్జిట్ ఇచ్చింది గాని, ఆ చీలిక పరిష్కారం కాకుండా అడ్డుపడింది నియమమే.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: బోరిస్ జాన్సన్‌నూ ట్రస్‌నూ దించింది ఎంపీలే కదా, కనుక జవాబుదారీతనం సజీవంగానే ఉంది కదా అని అడిగేవారున్నారు. నాయకుల ఎన్నికనూ తొలగింపునూ కలిపి పరిశీలించిన థామస్ క్విన్ 2012 నాటి గ్రంథం లేబర్ నియమాలకన్నా కన్సర్వేటివ్ నియమాలు తొలగింపును సులభం చేస్తాయని చూపినది కూడా ఈ అభ్యంతరానికి అండగా నిలుస్తుంది. అయితే జవాబుదారీతనం అంటే చివరికి ఎప్పుడో దించగలగడం మాత్రమే కాదు. తప్పు జరగక ముందు నాయకుణ్ణి ఆపగలగడం, జరిగిన వెంటనే సంజాయిషీ అడగగలగడం, సంజాయిషీ సరిపోనప్పుడు దించగలగడం, ఈ మూడూ కలిస్తేనే జవాబుదారీతనం.

2022 సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వం ప్రకటించిన మినీ బడ్జెట్‌ను ఈ కొలతతో చూడాలి. బడ్జెట్ లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసే సంస్థ అయిన ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అంచనాలను ప్రచురించకుండా, ఆర్థికశాఖ శాశ్వత కార్యదర్శి టామ్ స్కాలర్‌ను ముందే తొలగించి, 4,500 కోట్ల పౌండ్ల మేరకు రాబడి చూపని పన్ను తగ్గింపులు ప్రకటించారు. ప్రభుత్వ బాండ్ల ధరలు పడిపోయి పింఛను నిధులు ఇరకాటంలో పడగా, సెప్టెంబర్ 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్ల కొనుగోలుకు దిగవలసి వచ్చింది. అక్టోబర్ 14న ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్‌కు ఉద్వాసన, 20న ట్రస్ రాజీనామా ప్రకటన. ఎంపీలు నెల రోజుల్లోపే దించారు, నిజమే. కానీ పన్ను తగ్గింపుల ప్రమాదాన్ని సునాక్ ఆ వేసవి అంతా చెబుతూనే ఉన్నారు. ఎంపీలలో అత్యధికులు ట్రస్‌ను కోరలేదు. తుది ఎంపిక ఎంపీలదే అయి ఉంటే ఆమె ముందుగా వారికి నచ్చజెప్పవలసి వచ్చేది. ఎంపీలను ఒప్పించకుండానే పదవి దక్కింది కనుక వారిని సంప్రదించకుండానే బడ్జెట్ వచ్చింది. ఆపవలసిన చోట ఆపే శక్తి పోయి, నష్టం జరిగాక దించే శక్తి మాత్రం మిగిలింది.

జాన్సన్ విషయం వేరు. 2019లో ఎంపీల ఓటింగులోనూ ఆయనదే సగానికి పైగా బలం. ఆయన విషయంలో నియమం చేసిన హాని పరోక్షమైనది: నాయకుడికి సొంత ఆదేశం ఉందన్న భావనను అది పెంచింది. 2022 జూన్ 6న జరిగిన విశ్వాస ఓటులో 148 మంది ఎంపీలు వ్యతిరేకించగా 211 మందితో బయటపడిన జాన్సన్, జూలై మొదటివారంలో 50 మందికి పైగా మంత్రులు, సహాయకులు రాజీనామా చేస్తుండగా కూడా, 2019లో ప్రజలు తనకిచ్చిన తీర్పును ముందుకు తెచ్చి కొనసాగాలని చూశారు. బ్రిటన్‌లో ఓటరు వేసే ఓటు తన నియోజకవర్గ అభ్యర్థికి. ప్రధాని కామన్స్ విశ్వాసం మీద నిలుస్తాడు. ఆ మౌలిక సత్యం పాలక పక్షపు నాయకుడికే మసకబారడం, నాయకత్వాన్ని పార్లమెంటు వెలుపలి ఎన్నికగా మార్చిన ఫలితమే.

మూడో అభ్యంతరం లేబర్ పార్టీ గురించి. లేబర్ కూడా 1981లో ఎంపీల నుంచి ఎన్నికను బయటికి తీసుకుపోయింది కదా, మరి ఈ తెగులు కన్సర్వేటివ్‌లకే ఎందుకు అంటగట్టాలి అని ప్రశ్నిస్తారు. తెగులు అక్కడా ఉంది. 2016 జూన్‌లో జెరెమీ కార్బిన్‌పై లేబర్ ఎంపీలు 172–40తో అవిశ్వాసం ప్రకటించగా, సెప్టెంబర్‌లో సభ్యులు, మద్దతుదారులు ఆయనను 61.8 శాతం ఓట్లతో తిరిగి ఎన్నుకున్నారు. అయితే లేబర్‌లో కనీసం ఒక పొంతన ఉంది: ఎన్నుకున్నవారే తిరిగి నిర్ణయించారు. కన్సర్వేటివ్ నియమంలో ఆ పొంతన కూడా లేదు. సభ్యులు తెచ్చిన నాయకుణ్ణి ఎంపీలు దించితే సభ్యులకు తమ ఓటును దొంగిలించారన్న కోపం, ఎంపీలకు తాము కోరని నాయకుణ్ణి మోయవలసి వచ్చిందన్న కోపం. ఈ పరస్పర ద్రోహారోపణే నేడు పార్టీ చీలికలలో అన్నిటికన్నా లోతైనది.

నాలుగోది ప్రజాస్వామ్యం పేరిట వచ్చే అభ్యంతరం: మూడు వందల చిల్లర ఎంపీలకన్నా లక్షన్నర సభ్యులు ఎక్కువ ప్రజాస్వామికం కాదా? కాదన్నదే ఇక్కడి సమాధానం. సభ్యుడు చందా కట్టి చేరినవాడు, అతడు ఎవరికీ ప్రతినిధి కాడు, తన ఓటుకు ఎవరికీ సంజాయిషీ చెప్పనవసరం లేదు, అది రహస్యం కూడా. ఎంపీ వేలాది ఓటర్లకు ప్రతినిధి. తాను నిలబెట్టిన ప్రధాని విఫలమైతే తరువాతి ఎన్నికలో తన సీటుతో మూల్యం చెల్లిస్తాడు. 2019లో నమోదైన ఓటర్లు సుమారు 4 కోట్ల 75 లక్షలు; ట్రస్‌ను ప్రధానిని చేసింది 81 వేల మంది. రాబర్ట్ మెకంజీ 1955లో ప్రచురించిన బ్రిటిష్ రాజకీయ పార్టీల అధ్యయనం, కన్సర్వేటివ్, లేబర్ పార్టీలు రెండింటిలోనూ అసలు అధికారం పార్లమెంటులోని పార్టీదేనని వాదించింది. 1981, 1998 మార్పులతో ఆ గ్రంథం పాతబడిందని చెప్పడం నేడు పరిపాటి. కాని మెకంజీ చెప్పినది అప్పటి వాస్తవ వర్ణన మాత్రమే కాదు. ప్రధాని కామన్స్‌కు బాధ్యుడై ఉండే వ్యవస్థలో అతడు వెలుపలి సంస్థకు కూడా బాధ్యుడు కాలేడన్న నియమబద్ధ వాదం కూడా అందులో ఉంది. వర్ణన పాతబడినా ఆ వాదం పాతబడలేదు; 2022 దానికి కొత్త సాక్ష్యం.

మర్యాదస్థులు, మర్యాదలు

జవాబుదారీతనం క్షీణించడానికి పెద్దమనుషుల మర్యాద అంతరించడమే కారణమన్న సిద్ధాంతాన్ని చరిత్రకారుడు పీటర్ హెనెసీ ప్రచారంలోకి తెచ్చారు. ఆండ్రూ బ్లిక్‌తో కలిసి 2019లో వెలువరించిన నివేదికలో ఆ మర్యాదలకు కాలం చెల్లిందా అని ప్రశ్నించారు. ఈ సిద్ధాంతానికి ఎల్లప్పుడూ చూపే ఉదాహరణలు రెండు. ప్రభుత్వం సేకరించిన భూమిని తిరిగి ఇవ్వడంలో అధికారులు చేసిన తప్పులకు 1954లో వ్యవసాయమంత్రి థామస్ డగ్డేల్ రాజీనామా చేసిన క్రిచెల్ డౌన్ వ్యవహారం ఒకటి; ఫాక్‌లాండ్స్ దురాక్రమణ తరువాత 1982 ఏప్రిల్‌లో విదేశాంగమంత్రి లార్డ్ కారింగ్టన్ రాజీనామా రెండోది. ఈ రెండింటినీ ఆత్మగౌరవ గాథలుగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ ఎస్. ఇ. ఫైనర్ 1956లోనే మంత్రుల వ్యక్తిగత బాధ్యతపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, రాజీనామా జరగడం మంత్రి మనస్తత్వం, ప్రధాని దృఢత్వం, సొంత పార్టీ పెట్టే ఒత్తిడి అనే మూడు కలిసిరావడంపై ఆధారపడుతుందని తేల్చాడు. డగ్డేల్‌పై సొంత వెనుక వరుసలు తిరగబడ్డాయి. కారింగ్టన్ కూడా రాజీనామాకు ముందు కన్సర్వేటివ్ ఎంపీల సమావేశంలో తీవ్ర విమర్శను ఎదుర్కొన్నారు. మర్యాదను నిలబెట్టింది వెనుక వరుసల భయమే. ఆ భయం తగ్గితే మర్యాద నిలవదు.

2021 నవంబర్‌లో లాబీయింగ్ నియమాలు ఉల్లంఘించిన కన్సర్వేటివ్ ఎంపీ ఓవెన్ ప్యాటర్సన్‌ను కాపాడేందుకు జాన్సన్ ప్రభుత్వం విప్ జారీ చేసి 250–232తో సవరణ నెగ్గించి, మరునాడే వెనక్కి తగ్గింది. మంత్రుల నడవడిపై ప్రధానికి సలహా ఇచ్చే అలెక్స్ అలన్ 2020లోనూ, లార్డ్ గైట్ 2022లోనూ రాజీనామా చేశారు. చివరికి, కోవిడ్ ఆంక్షల వేళ ప్రధాని కార్యాలయంలో జరిగిన విందుల గురించి జాన్సన్ కామన్స్‌ను తప్పుదారి పట్టించారా అన్న ప్రశ్నను తేల్చింది పార్టీ కాదు, సభ. కన్సర్వేటివ్ సభ్యులే అధిక సంఖ్యలో ఉన్న సభాహక్కుల కమిటీ 2023 జూన్ నివేదికలో ఆయన ఉద్దేశపూర్వకంగా తప్పుదారి పట్టించారని నిర్ధారించగా, సభ 354–7తో ఆమోదించింది. ఆ ఓటింగుకు ఎక్కువమంది కన్సర్వేటివ్ ఎంపీలు, ప్రధాని సునాక్ సహా, దూరంగా ఉండిపోయారు. సభ్యులకు ఇంకా ప్రియమైన మాజీ నాయకుడిపై ఓటు వేయడానికి ఎంపీలు వెనుకాడటం, ఇక్కడ చెబుతున్న రెండు యజమానుల స్థితికి నిలువెత్తు నిదర్శనం.

చీలిక పార్టీ వెలుపలికి

పార్టీలోపల పరిష్కారం కాని చీలిక ఇప్పుడు పార్టీ వెలుపల స్థిరపడింది. 2024 జూలై 4 ఎన్నికలలో కన్సర్వేటివ్‌లకు 23.7 శాతం ఓట్లతో 121 స్థానాలు, రిఫార్మ్‌కు 14.3 శాతం ఓట్లతో 5 స్థానాలు వచ్చాయి, 33.7 శాతం ఓట్లతో లేబర్ 400కు పైగా స్థానాలు గెలిచింది. మితవాద ఓటు కలిసి ఉంటే ఫలితం తిరగబడేదని ఈ అంకెలను కూడి చెప్పేవారున్నారు గాని, రిఫార్మ్ ఓటరు ప్రతివాడూ కన్సర్వేటివ్‌లకు వేసి ఉండేవాడనుకోవడానికి ఆధారం లేదు. ఇక్కడ పరిశీలించవలసినది ఆ కూడిక కాదు, రిఫార్మ్ నిర్మాణం. అది మొదట పరిమిత బాధ్యత గల కంపెనీగా, దాని నాయకుడు నైజెల్ ఫరాజ్ మెజారిటీ వాటాదారుగా నడిచింది. 2025లో వాటాలు లేని మరొక కంపెనీకి యాజమాన్యం మారి, సభ్యులకు నాయకుణ్ణి తొలగించే హక్కు నియమావళిలోకి వచ్చినా, సభ్యులలో సగం మంది రాతపూర్వకంగా కోరాలన్న గడప ఆచరణలో దాటరానిది. సభ్యుల పేరిట కన్సర్వేటివ్ పార్టీ తన ఎంపీలను బలహీనపరిస్తే, దాని పోటీదారు ఎంపీలకూ సభ్యులకూ అందనంత ఎత్తున నాయకుణ్ణి నిలిపింది. 2025 మేలో ఈ పార్టీ పది స్థానిక కౌన్సిళ్ల పాలన చేజిక్కించుకున్నది కనుక ఈ ప్రశ్న సిద్ధాంత చర్చగా మిగిలిపోయేది కాదు.

దీనికి మందు 2005 ప్రతిపాదనలోనే ఉంది. సభ్యుల అభిప్రాయాన్ని ముందుగా, బహిరంగంగా తీసుకోవాలి. వారు సూచించిన పేర్ల నుంచి తుది ఎంపికను ఎంపీలు రహస్య ఓటుతో చేయాలి. క్రమాన్ని తిరగవేస్తే చాలు, సభ్యుల స్వరం నిలుస్తుంది, బాధ్యత ఒకే చోట చేరుతుంది.

తెలుగునాట శాసనసభాపక్షం

ఈ అధ్యయనం సిద్ధమవుతున్న ఒక తెలుగు గ్రంథంలో భాగం. ఆ గ్రంథం విషయం శాసనసభాపక్షం, అంటే ఒక పార్టీ తరఫున ఎన్నికైన శాసనసభ్యుల సమష్టి రూపం. భారత రాజ్యాంగం పార్లమెంటరీ విధానాన్ని బ్రిటన్ నుంచే స్వీకరించినా, శాసనసభాపక్షం నాయకుణ్ణి ఎన్నుకుంటుందన్న సూత్రం ఆచరణలో అధిష్ఠానం పంపే సీల్డ్ కవర్‌గా మారిన సంగతి తెలుగు పాఠకులకు చెప్పనవసరం లేదు. 1978 నుంచి 1983 వరకు ఒకే శాసనసభ కాలంలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, విజయభాస్కరరెడ్డి వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. నాయకుణ్ణి మార్చిందీ నిలిపిందీ శాసనసభ్యులు కాదు, ఢిల్లీ. 1983 జనవరి ఎన్నికల తీర్పులో ఆ పద్ధతి మీద ప్రజాగ్రహం పాలు తక్కువ కాదు. తరువాత 1984 ఆగస్టులో మెజారిటీ ఉన్న ఎన్.టి. రామారావును గవర్నర్ బర్తరఫ్ చేసినప్పుడు రాష్ట్రం తిరగబడి నెల రోజుల్లో ఆయనను తిరిగి పదవిలో నిలిపింది. 1995 ఆగస్టులో శాసనసభాపక్షంలో మెజారిటీ రామారావును వదిలి చంద్రబాబు నాయుడు వైపు మళ్లినప్పుడు దానిని వెన్నుపోటని కొందరు, పార్టీని కాపాడుకోవడమని కొందరు నేటికీ వాదించుకుంటున్నారు. ప్రజల ముందు పార్టీకి ముఖమైన నాయకుణ్ణి శాసనసభ్యులు దించవచ్చునా అన్న ఆ ప్రశ్న జాన్సన్ 2022లో లేవనెత్తిన ప్రశ్నే.

ఒక తేడా మాత్రం గుర్తించాలి. 2019 సెప్టెంబర్‌లో ఒప్పందం లేని నిష్క్రమణను అడ్డుకునేందుకు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలు పార్లమెంటరీ పార్టీ నుంచి బహిష్కృతులయ్యారు గాని ఎంపీలుగా కొనసాగారు. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం భారతదేశంలో విప్‌ను ధిక్కరించిన సభ్యుడు సభ్యత్వాన్నే కోల్పోతాడు. ఫిరాయింపుల వ్యాపారాన్ని ఆపడానికి ఆ చట్టం అవసరమైంది, ఆ అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని అది శాసనసభ్యుడి నుంచి భిన్నాభిప్రాయ హక్కును కూడా తీసుకుపోయింది. బ్రిటన్‌లో ఎంపీకి ఎదురు తిరిగే స్వేచ్ఛ ఉంది, నాయకుణ్ణి ఎన్నుకునే తుది మాట లేదు. ఇక్కడ నాయకుణ్ణి ఎన్నుకునే హక్కు కాగితంపై ఉంది, ఎదురు తిరిగే స్వేచ్ఛ లేదు. రెండు దేశాలూ పార్లమెంటరీ విధానంలో చెరొక సగాన్ని పోగొట్టుకున్నాయి.

కనుక ఆ గ్రంథం చేయదలచిన ప్రతిపాదనలు రెండు. నాయకుడి ఎన్నిక, తొలగింపు రెండూ శాసనసభాపక్షంలోనే, రహస్య ఓటుతో, ముందే ప్రచురించిన నియమం ప్రకారం జరగాలి. విప్ ధిక్కారానికి సభ్యత్వ రద్దు శిక్ష ప్రభుత్వ విశ్వాస పరీక్షకూ ఆర్థిక బిల్లులకూ మాత్రమే పరిమితం కావాలి. మొదటి దానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, ఏ పార్టీ అయినా తన నియమావళిలో రేపే చేర్చుకోవచ్చు. పాలకుణ్ణి ప్రజలు ఐదేళ్లకోసారి మాత్రమే ప్రశ్నించగలరు. మధ్యకాలంలో వారి తరఫున ప్రశ్నించవలసినవారు వారు గెలిపించిన ప్రతినిధులే. ఆ ప్రతినిధుల చేతులు లండన్‌లో కట్టినా, హైదరాబాద్‌లో కట్టినా, అమరావతిలో కట్టినా నష్టపోయేది ఓటరు ఒక్కడే.